మంద వదిలిన పిల్ల, కొండ నడకకు తోడు: సీసాపాలతో మేకపిల్ల పెంపకంలో ఒక అనుభవం

ఆగిరిపల్లి నూజివీడు మామిడి సీమలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఏలూరు జిల్లాలో భాగం. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, తోతాపురి ఇక్కడి తోటలలో ప్రధానంగా కనిపించే రకాలు. ఊరికి ఆనుకొని నరసింహస్వామి వెలసిన శోభనాచలం ఉన్నది. సెలవు దినాలలో మా తోట నుండి ఆ కొండ వైపు తెల్లవారకముందే నడవడం నాకు చిన్ననాటి నుండి ఉన్న అలవాటు. గత నాలుగు సంవత్సరాలుగా ఆ నడకలో నాకు తోడుగా వస్తున్నది ఒక మేక. మెడకు తాడు లేదు. నేను ఆగిన చోట ఆగుతుంది. నేను కదిలితే కదులుతుంది.

సస్యశాస్త్రం బోధించే వ్యక్తి మేకను వెంటబెట్టుకొని తిరగడం మా విద్యార్థులకు వింతగా తోచింది. మొక్క పెంచేవారికి మేక శత్రువని మేమే తరగతిలో చెబుతాము. లేత మామిడి అంటుకు కంచె వేయమని రైతుకు సలహా ఇచ్చేటప్పుడు మొదట తలచుకునేది మేకనే. ఆ మాటలో తప్పు లేదు. అయితే ఒక మేకపిల్లను పుట్టిన గంటల నుండి చేతితో పెంచి, మనిషి వెంట నడిచే జంతువుగా తీర్చిదిద్దేటప్పుడు నేను నేర్చుకున్న విషయాలు తల్లి లేని పిల్లల మరణాలను తగ్గించడానికి కూడా పనికివస్తాయని నాకు అనిపించింది. నా అనుభవం రెండు పిల్లలకు పరిమితం. అందులో ఒకటి నా చేతిలోనే చనిపోయింది. ఆ సంగతి దాచకుండా చెప్పడం ఈ వ్యాసానికి అవసరం.

మంద వదిలి వెళ్లిన పిల్ల

మా ప్రాంతంలో మామిడి కాపు ముగిసిన తరువాత, తొలకరి దుక్కికి ముందు, తోటలలో జీవాల మందలను నిలపడం పాత ఆచారం. రాత్రికి ఇన్ని జీవాలని లెక్క కట్టి రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. నేలకు పెంట, మూత్రం నేరుగా అందుతాయి. ఈ మందలలో గొర్రెలే అధికం. వాటితోపాటు కొన్ని మేకలు తప్పక ఉంటాయి. గొర్రె దారి తెలియక తారట్లాడే చోట మేక ముందడుగు వేస్తుంది. మంద దాని వెనుక సాగుతుంది. నడక తోడుగా మేక అనే భావన మన కాపరులకు కొత్తది కాదు.

కదిలే మందలో ఈనిక పెద్ద చిక్కు. ఒక పిల్లను ఈనిన మేక మరునాటికి పిల్లతో సహా మందలో కలుస్తుంది. మూడు పిల్లలు పుట్టినప్పుడు తల్లికి ఉన్నవి రెండు చన్నులు. మూడవ పిల్ల సాధారణంగా చిన్నది, బలహీనమైనది. మంద తరువాతి ఊరికి కదిలే వేళకు దానికి నడిచే శక్తి ఉండదు. కాపరి దానిని గంపలో పెట్టుకొని కొంత దూరం మోస్తాడు. లేదా తోట యజమానికి ఇచ్చి వెళతాడు. మాకు అందిన రెండు పిల్లలూ అలా నడవలేక వదిలివేయబడినవే.

మొదటి ఓటమి

మొదటి పిల్ల ఆడది. సాయంత్రం మా చేతికి వచ్చినప్పుడు దానికి ఒక రోజు వయస్సు. ఇంట్లో గేదె పాలు ఉన్నాయి. పసిబిడ్డల పాలసీసా ఉన్నది. దానిని ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, చంటిబిడ్డకు పట్టినట్లే పట్టాను. ఆకలిగా ఉన్నదని ఒక్కసారే సీసా నిండా తాగించాను. పీక రంధ్రం చిన్నదిగా ఉన్నదని సూది కాల్చి పెద్దది కూడా చేశాను. రెండవ రోజు విరేచనాలు మొదలయ్యాయి. మూడవ రోజు ముక్కు వెంట పాలు కారాయి. ఊపిరిలో గురగుర వినిపించింది. నాలుగవ రోజు తెల్లవారేసరికి అది లేదు.

మరుసటి సంవత్సరం అదే మంద తిరిగి వచ్చినప్పుడు కాపరి కుటుంబంలోని వృద్ధురాలికి జరిగినదంతా చెప్పాను. ఆమె నన్ను తప్పుపట్టలేదు. "అది మనిషిబిడ్డ కాదు గదా బాబుగారూ. తల్లి దగ్గర పిల్ల ఎట్టా నిలబడి తాగుద్దో ఎప్పుడన్నా చూశారా?" అని మాత్రం అడిగింది. నేను చూడలేదు. ముప్పై ఏళ్లుగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ కూడా పాలు తాగే మేకపిల్లను ఐదు నిమిషాలు నిలబడి గమనించలేదు.

తల్లి దగ్గర పిల్ల నాలుగు కాళ్లపై నిలబడి, మెడను ముందుకు చాచి, తలను కొద్దిగా పైకెత్తి తాగుతుంది. ఆ భంగిమలో, చప్పరించే చర్యకు ప్రతిస్పందనగా, అన్నవాహిక చివర ఉన్న గాడి మూసుకొని గొట్టంలా మారుతుంది. పాలు పెద్ద పొట్టలో పడకుండా నేరుగా నాలుగవ అర అయిన అసలు జీర్ణాశయానికి చేరతాయి. ధార వేగంగా ఉంటే పిల్ల మింగలేని పాలు శ్వాసనాళంలోకి పోతాయి. వెల్లకిలా పట్టినప్పుడు ఈ ముప్పు మరింత పెరుగుతుంది. గేదె పాలలో కొవ్వు ఆవు పాలలో కన్నా ఎంతో ఎక్కువ. పుట్టిన మరునాడే ఒక్కసారిగా అధిక మోతాదులో ఇస్తే అజీర్ణం తప్పదు. నా మొదటి పిల్ల విషయంలో ఈ మూడు తప్పులూ ఒకేసారి జరిగాయి. ముర్రుపాలు తాగిందో లేదో కూడా నేను అడగలేదు. అది నాలుగవ తప్పు.

ముర్రుపాలు: మొదటి గంటలు

రెండవ పిల్ల మా తోటలోనే, మూడవదిగా, తెల్లవారుజామున పుట్టింది. పోతుపిల్ల. బరువు ఒక కిలో ఏడు వందల గ్రాములు. ఈసారి ఆ వృద్ధురాలే తల్లి నుండి ముర్రుపాలు పిండి గిన్నెలో ఇచ్చింది.

నెమరువేసే జంతువులలో మాయ నిర్మాణం కారణంగా తల్లి రక్తంలోని రోగనిరోధక ప్రతిరక్షకాలు గర్భంలోని పిల్లకు చేరవు. పిల్ల దాదాపు రక్షణ లేకుండానే పుడుతుంది. ఆ రక్షణ ముర్రుపాల ద్వారానే అందాలి. పేగు గోడ ఈ పెద్ద అణువులను యథాతథంగా గ్రహించే శక్తి పుట్టిన వెంటనే అత్యధికంగా ఉండి, గంట గంటకు తగ్గుతూ, సుమారు 24 గంటలకు ముగుస్తుంది. కనుక మొదటి రెండు గంటలలోపే ముర్రుపాలు పట్టడం మొదలుపెట్టాలి. మొదటి 24 గంటలలో పిల్ల బరువులో 10 శాతానికి తగ్గకుండా అందించాలి. మా పిల్లకు ఇది 170 మిల్లీలీటర్లు. నాలుగైదు విడతలుగా పట్టాము.

తల్లి చనిపోయినా, పాలు రాకపోయినా, అదే రోజు ఈనిన మరొక మేక ముర్రుపాలు వాడవచ్చు. అదీ లేనప్పుడు ఆవు ముర్రుపాలు మేలు. శీతల పెట్టెలో గడ్డకట్టించి నిల్వచేసిన వాటిని గోరువెచ్చని నీటిలో సీసాను ఉంచి కరిగించాలి. పొయ్యిపై కాచితే ప్రతిరక్షకాలు నశిస్తాయి; మిగిలేది జున్ను మాత్రమే.

పాలు పట్టే ముందు పిల్ల నోటిలో వేలు పెట్టి చూడాలి. నోరు చల్లగా ఉంటే ముందు పొడిగుడ్డతో తుడిచి, వెచ్చని చోట ఉంచి, శరీరం వేడెక్కిన తరువాతనే పట్టాలి. చల్లబడిన పిల్ల సరిగా మింగలేదు. బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి.

సీసా పట్టే పద్ధతి

మేక పాలు లభిస్తే అవే శ్రేష్ఠం. లేనప్పుడు చిక్కని ఆవు పాలు వాడవచ్చు. పాల వేడి 38 నుండి 39 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ముంజేతిపై చుక్క వేసుకుంటే వెచ్చగా తగలాలి. రోజు మొత్తానికి పిల్ల బరువులో సుమారు 15 శాతం పాలు సరిపోతాయి. పిల్ల అరుస్తున్నదని మోతాదు పెంచరాదు. చేతిపెంపకంలో పిల్లలు ఆకలితో చనిపోవడం కన్నా అతిగా పట్టడం వలన జబ్బుపడడం తక్కువేమీ కాదు. మేము పాటించిన విడతలు ఇవి:

మొదటి వారం: రోజుకు ఐదు సార్లు, రాత్రి పొద్దుపోయాక ఒక విడతతో సహా.
రెండవ వారం: నాలుగు సార్లు.
మూడు, నాలుగు వారాలు: మూడు సార్లు.
ఐదవ వారం నుండి ఎనిమిదవ వారం వరకు: రెండు సార్లు.
తొమ్మిదవ వారం నుండి పన్నెండవ వారం వరకు: రోజుకు ఒకసారి, క్రమంగా మోతాదు తగ్గించి నిలుపుదల.

పిల్లను నేలపై నిలబెట్టాలి. సీసాను తల్లి పొదుగు ఎత్తులో, అంటే పిల్ల తల కన్నా కొద్దిగా పైన, ఏటవాలుగా పట్టుకోవాలి. పీకను తలకిందులు చేసినప్పుడు పాలు చుక్కలుగా రావాలి. ధారగా కారితే పీక మార్చాలి. పిల్ల తాగుతూ సీసాను తలతో పొడుస్తుంది. పొదుగును పొడిచి పాలు చేపించే సహజ ప్రవర్తన అది. దానిని అల్లరిగా భావించి సీసా లాగివేయరాదు. ప్రతి విడత తరువాత సీసా, పీక వేడినీటితో కడిగి బోర్లించాలి. విరేచనాలు కనిపిస్తే ఒకటి రెండు విడతలు పాల మోతాదు తగ్గించి, మధ్యలో లవణద్రావణం పట్టాలి. ఒక రోజులో తగ్గకపోతే పశువైద్యుని పిలవాలి.

నెమరు వచ్చే వరకు

పాలు తాగే వయస్సులో మేకపిల్ల ఒంటిపొట్ట జంతువు వంటిదే. పెద్ద పొట్ట పెరగడానికి ఘనాహారం కావాలి. రెండవ వారం నుండి సుబాబుల్, అవిసె లేత రెమ్మలను పిల్ల ముఖానికి అందే ఎత్తులో వేలాడదీశాము. మొదట వాసన చూసి వదిలింది. మూడవ వారంలో కొరికింది. నెలన్నర వయస్సులో నీడన పడుకొని నెమరువేయడం చూశాము. పొట్టలోని సూక్ష్మజీవుల లోకం స్థిరపడినదనడానికి రైతు కంటికి కనిపించే గుర్తు అదే. పాలు మాన్పించే తేదీని పంచాంగం చూసి కాక, పిల్ల తినే మేతను చూసి నిర్ణయించాలి.

మూడు నెలలు దాటిన తరువాత పారుడు వ్యాధి టీకా వేయించాము. చిటుకు రోగం టీకా, నట్టల మందు స్థానిక పశువైద్యుని పట్టిక ప్రకారం ఇప్పించాము. ఒక్క జీవమే కదా అని టీకా మానడం తగదు. మనిషి వెంట ఊరూరా తిరిగే మేక ఇతర మందలు మేసిన చోట మేస్తుంది; తన జబ్బును వాటికి, వాటి జబ్బును తనకు చేర్చుతుంది.

అనుబంధం, దాని హద్దులు

సీసా పట్టిన చేతిని పిల్ల తల్లిగా భావిస్తుందని సాధారణంగా అంటారు. ఈ విషయమై జరిగిన పరిశోధనలను కొంత జాగ్రత్తగా చదవాలి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ క్లాప్ఫర్, సహచరులు 1964లో ప్రకటించిన ప్రయోగాలలో, ఈనిన వెంటనే తన పిల్లతో ఐదు నిమిషాలు గడిపిన తల్లిమేక, తరువాత కొన్ని గంటలు విడదీసినా దానిని తిరిగి స్వీకరించింది. ఆ ఐదు నిమిషాలు దక్కని తల్లులు చాలావరకు తమ పిల్లనే తన్ని తరిమాయి. ఇది తల్లి వైపు నుండి ఏర్పడే బంధం. విస్తరణ కార్యకర్త దీని నుండి గ్రహించవలసినది ఒకటున్నది: సీసా చివరి మార్గం. అదే వేళకు ఈనిన మరొక మేకకు పిల్లను అలవాటు చేసే అవకాశం మొదటి గంటలోనే అధికం. ముందు ఆ ప్రయత్నం జరగాలి.

మనిషి వైపు మేక చూపే శ్రద్ధ గురించి 2016లో బయాలజీ లెటర్స్ పత్రికలో క్రిస్టియన్ నావ్రోత్, సహచరులు ప్రకటించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. మూత తీసి మేత తినడం నేర్చిన మేకలకు ఒకసారి మూత రాకుండా బిగించి పెట్టారు. అవి ఎదుట ఉన్న మనిషి వైపు చూశాయి. ఆ మనిషి తమ వైపు తిరిగి ఉన్నప్పుడు మరింత తరచుగా, మరింత సేపు చూశాయి. కుక్క, గుర్రం వంటి జంతువులలో గుర్తించిన ఈ లక్షణం పాలు, మాంసాల కొరకు పెంచుకున్న మేకలో కూడా ఉన్నది. కొండబాటలో ముళ్లకంప అడ్డువచ్చినప్పుడు మా మేక ఆగి నా ముఖం చూస్తుంది. ఈ ప్రయోగం చదివిన తరువాతనే నేను ఆ చూపును గమనించడం మొదలుపెట్టాను.

అయితే మనిషి తోడే లోకంగా పెరిగిన మేక మంచి తోడు కాదు. తోటి మేకల మధ్య పెరగని పిల్లకు, పొడుపు ఆటలో ఎదుటివారి హద్దు తెలియదు. చిన్నతనంలో మన మోకాలిని పొడిస్తే ముద్దుగా ఉంటుంది. ముప్పై కిలోల వయస్సులో అదే పొడుపు ఒక పిల్లవానిని పడదోస్తుంది. పోతులలో ఈ సమస్య మరింత తీవ్రం. ఈడుకు వచ్చిన చేతిపెంపకపు పోతు మనుషులనే పోటీదారులుగా, జతగా భావించి మీదికి వస్తుంది. అందువలన రెండవ వారం నుండే మా పిల్లను పగటివేళ పొరుగువారి మూడు మేకలతో వదిలాము. పాలు మా దగ్గర, ఆట వాటి దగ్గర. పెద్ద మేక ఒక్కసారి పొడిచి నేర్పిన మర్యాద నేను నెల రోజులు నేర్పినా రాదు. మనుషులెవరూ దాని కొమ్ములను పట్టుకొని ఆడరాదని ఇంట్లో నియమం పెట్టాము.

పోతుపిల్ల విషయంలో నిర్ణయం

మా మనుమలు ఆ పిల్లకు "రసాలు" అని పేరు పెట్టారు. దానికి పేరు ఉన్నదని తెలిసిన తరువాత కూడా, దసరాకు నెల ముందు ఒక వ్యాపారి వచ్చి వెన్ను నిమిరి, నడుము పట్టి చూసి ధర చెప్పాడు. అది సరసమైన ధరే. మన పల్లెలలో పోతుపిల్ల పుట్టుక ధ్యేయం అదే. ఆ ఆదాయంతోనే ఎన్నో ఇళ్లలో బడి ఫీజులు, ఆసుపత్రి ఖర్చులు గడుస్తాయి. నెల జీతం వచ్చే నేను ఆ ధరను కాదనగలిగాను. కూలి చేసుకునే కుటుంబానికి అలా కాదనమని చెప్పే అర్హత నాకు లేదు.

కాబట్టి పోతుపిల్లను నడక తోడుగా పెంచాలనుకునేవారు ఆ నిర్ణయం మొదటి నెలలోనే తీసుకోవాలి. అమ్మదలచిన పిల్లకు పేరు పెట్టి పిల్లల చేతికి సీసా ఇచ్చి, తరువాత వారి ఎదుటనే తోలుకుపోనివ్వడం సరికాదు. ఆడపిల్ల విషయంలో ఈ సంకటం లేదు. చేతిపెంపకపు ఆడమేక పాలు పిండడానికి, గిట్టలు కోయడానికి, మందు తాగించడానికి సులువుగా లొంగుతుంది. మందకు ముందు నడిచే మేకగా కూడా తయారవుతుంది. రైతు కుటుంబాలకు నేను సిఫారసు చేసేది ఆడపిల్లలనే.

పోతును ఉంచుకోదలిస్తే విత్తులు నొక్కించడం తప్పనిసరి. మరీ చిన్నవయస్సులో చేయిస్తే మూత్రనాళం సరిగా విచ్చుకోక, తరువాత మూత్రంలో రాళ్లు అడ్డుపడే ముప్పు పెరుగుతుందనే అభిప్రాయం పశువైద్యులలో ఉన్నది. ఐదవ నెలలో పశువైద్యునితో బుర్డిజో పద్ధతిన చేయించాము. అప్పటి వరకు ఆడమేకల నుండి వేరుగా ఉంచాము. నాలుగైదు నెలలకే పోతుపిల్ల ఈడుకు రాగలదు.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక పొరపాటును పేర్కొనాలి. ముద్దుగా పెంచే మేకకు రోజూ తవుడు, నూకలు పెడతారు. తవుడులో భాస్వరం అధికం, కాల్షియం స్వల్పం. మొత్తం మేతలో కాల్షియం, భాస్వరాల నిష్పత్తి 2:1కి దగ్గరగా ఉండాలి. ఇది తలకిందులైనప్పుడు, నీరు తక్కువ తాగే పోతులలో రాళ్లు ఏర్పడతాయి. మూత్రానికి ముక్కుతూ, తోక ఆడిస్తూ, చుక్కలుగా పోసే పోతు అత్యవసర రోగి. తెల్లవారే వరకు వేచి ఉండరాదు. విత్తులు నొక్కించిన పోతుకు ఆకుమేతే ప్రధానాహారం కావాలి. శుభ్రమైన నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండాలి.

నడక నేర్పడం

మేకకు నడక నేర్పవలసిన పనిలేదు. మన వెంట నడవడం, పిలిస్తే రావడం నేర్పాలి. పాలసీసా చూపేటప్పుడు మొదటి రోజు నుండి "దా, దా" అనే ఒకే పిలుపు వాడాము. ఇంట్లో అందరూ అదే మాట వాడడం ముఖ్యం. పాలు మాన్పిన తరువాత సీసా స్థానంలో నాలుగు నల్లతుమ్మ కాయలు పెట్టాము. పిలుపుకు వచ్చిన ప్రతిసారీ కాక, అప్పుడప్పుడు ఇచ్చాము. ఏ పిలుపుకు కాయ దొరుకుతుందో తెలియని మేక ప్రతి పిలుపుకూ వస్తుంది.

మొదటి రెండు నెలలు తోట లోపలే తిరిగాము. మూడవ నెలలో అర కిలోమీటరు, ఆరవ నెలకు రెండు కిలోమీటర్లు, సంవత్సరం నిండిన తరువాత కొండ వాలు వరకు వెళ్లి వచ్చేలా పెంచాము. ఎదిగే వయస్సులో అలసటే కొలత. పిల్ల వెనుకబడి పడుకుంటే ఆ రోజు నడక అక్కడితో ముగిసినట్లే. తాడుకు అలవాటు చేయడం కూడా అవసరమే. రోడ్డు దాటేటప్పుడు, కుక్కలు ఎదురైనప్పుడు మెడపట్టీ, చిన్న తాడు లేకుండా కాపాడలేము. వీధికుక్కల గుంపు కొండబాటలో మేకకు ఎదురయ్యే అతిపెద్ద ముప్పు. చేతిలో కర్ర ఉండాలి.

మా ప్రాంతంలో వేసవి పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం ఎనిమిదిలోపు తిరిగి చేరేలా బయలుదేరుతాము. మేక నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టిందంటే అప్పటికే ఆలస్యమైనట్లు. రాతినేలపై నడిచే మేకకు గిట్టలు కొంత సహజంగా అరుగుతాయి. అయినా నెలకొకసారి చూసి, అంచులు ముడుచుకుంటే కోయాలి.

బరువు మోయించే విషయంలో తొందర తగదు. ఎముకల ఎదుగుదల పూర్తికాక ముందు, అంటే మూడు సంవత్సరాల లోపు, వీపుపై ఏదీ వేయరాదు. ఆ తరువాత కూడా ఆరోగ్యంగా ఉన్న మేక శరీర బరువులో 20 నుండి 25 శాతానికి మించరాదు. మన నాటుమేకల బరువుకు ఇది ఆరేడు కిలోలు. మా మేక ఇప్పుడు తన నీళ్ల సీసాను, నా తువాలును మోస్తుంది.

మామిడి తోటలో, కొండబాటలో జాగ్రత్తలు

పూత దశలో తేనెమంచు పురుగుకు, తామర పురుగులకు మందు చల్లిన తోటలో మేకను వదలరాదు. రాలిన ఆకు, గట్టు గడ్డి కూడా విషమే. పొరుగు తోటలో ఏ రోజు మందు చల్లారో అడిగి తెలుసుకోవడం నడకకు ముందు చేయవలసిన పని. కాయ కోత కాలంలో రాలిన పండ్లు మరొక ప్రమాదం. రసాలు ఒకటి రెండు తింటే హాని లేదు. కడుపునిండా తింటే చక్కెర వేగంగా పులిసి పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. లేత అంటులకు కంచె తప్పనిసరి. మా మేక ఎంత మర్యాద నేర్చినా లేత మామిడి చిగురు ఎదుట ఆ మర్యాద నిలవదు.

పుణ్యక్షేత్రాల పరిసరాలలో అలంకారానికి నాటిన గన్నేరు అతి విషపూరితం. కొద్ది ఆకులు చాలు ప్రాణం పోవడానికి. లంటానా పొదలు, ఆముదపు గింజలు, నీటి ఎద్దడికి గురైన జొన్న పిలకలు కూడా తినరానివి. భక్తులు ప్రేమతో పెట్టే పులిహోర, అరటిపండ్లు, కొబ్బరి చెక్కలను చేయి అడ్డుపెట్టి వద్దనవలసి ఉంటుంది. ప్రసాదపు ప్లాస్టిక్ సంచులను మేక ఉప్పు రుచికి మింగుతుంది. నేను దానిని గుడి ఆవరణలోకి తీసుకుపోను. జన సమ్మర్దం ఉండే రథసప్తమి వంటి రోజులలో కొండ వైపే వెళ్లము.

ఇతర ప్రాంతాల అనుభవం

మేకను నడక జంతువుగా వాడిన సంప్రదాయం మన దేశంలో హిమాలయాలలో బలంగా ఉండేది. కుమావూ, గఢ్వాల్ ప్రాంతాల భోటియా వర్తకులు గొర్రెలు, మేకల వీపులపై చిన్న సంచులలో ధాన్యాన్ని టిబెట్‌కు చేరవేసి, ఉప్పు, బోరాక్స్, ఉన్ని తెచ్చేవారు. 1962 యుద్ధం తరువాత సరిహద్దు మూతపడి ఆ వ్యాపారం కుంటుపడింది. హిమాచల్‌ప్రదేశ్, ఉత్తరాఖండ్ ఎత్తైన లోయలలోని చేగు జాతి మేకలు పష్మీనా ఉన్నితోపాటు బరువు మోయడానికి కూడా పేరుపొందాయి. అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో 1970లలో అడవి గొర్రెలను అధ్యయనం చేస్తున్న జాన్ మియోన్‌జిన్‌స్కీ తన పరికరాలను మోయడానికి మేకలను అలవాటు చేశాడు. ఆ అనుభవాన్ని ఆయన 1992లో పుస్తకంగా ప్రచురించిన తరువాత, అక్కడ కొండ నడకకు మేకలను వెంట తీసుకుపోవడం వ్యాపించింది.

ఆ దేశ అనుభవంలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. పెంపుడు మేకలు, గొర్రెల నుండి న్యుమోనియా కలిగించే సూక్ష్మజీవులు అడవి గొర్రెలకు సోకుతాయనే భయంతో కొన్ని అటవీ ప్రాంతాలలో నడక మేకలను నిషేధించారు. మంగోలియాలో 2016–17లో పెంపుడు జీవాల నుండి సోకిన పారుడు వ్యాధి వేలాది సైగా జింకలను బలిగొన్నది. ఈ వ్యాధిని 2030 నాటికి ప్రపంచమంతటా నిర్మూలించాలన్న లక్ష్యం నేడు అమలులో ఉన్నది. అందువలన మన రక్షిత అరణ్యాలలోకి, అభయారణ్యాలలోకి మేకను తోడు తీసుకుపోరాదు. ఊరి కొండ, తోట బాట, చెరువు గట్టు చాలు.

విస్తరణ కార్యకర్తలకు

2019 పశుగణన ప్రకారం దేశంలో మేకల సంఖ్య 14.88 కోట్లు. చిన్న రైతు ఇంట మేకల లాభాన్ని నిర్ణయించేది మేలుజాతి పోతు కన్నా ముందు, పుట్టిన పిల్లలలో బతికినవి ఎన్ని అన్నదే. ఆ బతుకు మొదటి రోజున, ఎక్కువగా స్త్రీల చేతులలో నిర్ణయమవుతుంది. మేకల శిక్షణ శిబిరాలకు మాత్రం పురుషులను పిలిచి పాకల కొలతలు బోధిస్తాము. రెండు సీసాలు, తగిన పీకలు, ఒక ఉష్ణమాపకం, ఈని రెండు గంటలు దాటని తల్లి చెంత ఒక ప్రత్యక్ష ప్రదర్శన ఉంటే శిబిరం ప్రయోజనం వేరుగా ఉంటుంది. గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల మాకు దూరం కాదు. వ్యవసాయ, పశువైద్య విద్యార్థులు కలిసి గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఒక్కొక్క చేతిపెంపకపు పిల్లను పుట్టుక నుండి పాలు మాన్పే వరకు నమోదు చేస్తే, నా రెండు పిల్లల అనుభవం స్థానంలో నమ్మదగిన సమాచారం సమకూరుతుంది.

నిరుడు ఆ మంద మళ్లీ మా తోటకు వచ్చింది. రసాలు ఉదయమంతా వాటి మధ్య తిరిగింది. తల్లి దానిని గుర్తుపట్టలేదు. అదీ తల్లిని గుర్తుపట్టలేదు. సాయంత్రం మంద కదిలినప్పుడు మేకలతోపాటు రోడ్డు వరకు నడిచి, అక్కడ ఆగి వెనక్కి చూసింది. నేను పిలవలేదు. కొద్దిసేపటికి అదే వెనుదిరిగి వచ్చింది. "నడవలేదని వదిలేశాం బాబుగారూ," అన్నది ఆ వృద్ధురాలు, దాని కాళ్ల వైపు చూస్తూ. తరువాత తన గంపలోని ఒక రోజు పిల్లను దించి, "దీన్ని కూడా చూస్తారా?" అని అడిగింది.

మంద వచ్చే వారానికి ముందే కడిగి బోర్లించిన సీసాలు రెండు మా వంటింటి అరలో ఉన్నాయి. ముర్రుపాలు తాగిందా అని ఈసారి మొదట అడిగాను.